దవడలో తిత్తి తీయించుకున్నాక ఏళ్ల తరబడి ఎలా కనిపెట్టుకుని ఉండాలి

కందుకూరులో మాది ఫొటో స్టూడియో. నాయన పెట్టాడు, పాతికేళ్లుగా నేను నడుపుతున్నాను. మనుషుల ముఖాలు చూడటమే నా పని. పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చున్న మనిషికి ఒక బుగ్గ రెండోదానికంటే కాస్త నిండుగా ఉన్నా ఇట్టే పట్టేస్తాను. అలాంటి నాకు, నా కుడి దవడ ఎముకలో రెండుసార్లు తిత్తి (లోపల నీళ్లో చిక్కటి పదార్థమో నిండే సంచి, డాక్టర్లు సిస్ట్ అంటారు) పెరిగితే రెండుసార్లూ అద్దంలో ఏమీ కనబడలేదు. రెండోసారి నొప్పి కూడా లేదు. దవడలో సిస్ట్ అని చెప్పి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు తర్వాత ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి. కానీ కాగితాలు, ఎక్స్‌రేలు, గడువులు చూసుకోవాల్సింది మనమే.

మొదటిసారి 2013లో. పెళ్లిళ్ల సీజన్ కావడంతో రాత్రుళ్లు మండపాల్లోనే గడిచేవి. పొద్దున లేవగానే నోట్లో ఉప్పగా, చెడు వాసనతో ఏదో ఊరినట్టు ఉండేది. నిద్ర లేక అలా ఉందనుకున్నాను. రెండు నెలలకి కింది దవడ చివరి పన్ను కొంచెం కదిలింది. మా ఊరి పళ్ల డాక్టరు చిన్న ఎక్స్‌రే తీశాడు. నల్లటి నీడ ఫిల్మ్ అంచు దాటిపోయింది, ఎక్కడిదాకా ఉందో తెలియలేదు. ఒంగోలు పంపి ఓపీజీ తీయించాడు. పై దవడ, కింది దవడ రెండూ ఒకే ఫిల్మ్‌లో వచ్చే పెద్ద ఎక్స్‌రే అది. అందులో చూస్తే పళ్ల వెనక నుంచి చెవి కిందికి ఎముక లోపలంతా నలుపు. బయటికి రాని జ్ఞానదంతం ఆ నలుపులో పడుకుని ఉంది.

ఇంత ఉంటే బుగ్గ వాచలేదేమని అడిగాను. చేలో నీళ్లు గట్టు తెంచకుండా కాలువ వెంట పారినట్టు ఈ రకం తిత్తి ఎముక మజ్జ వెంట పొడుగునా పాకుతుందని, పక్కలకి ఉబ్బడం చాలా ఆలస్యంగా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ముందు తిత్తి పేరు తెలుసుకోండి

దవడలో వచ్చే తిత్తులన్నీ ఒకటి కావు. ఎన్నేళ్లు జాగ్రత్తగా ఉండాలన్నది మీ తిత్తి పేరును బట్టి ఉంటుంది. ఆ పేరు ఖాయంగా తేలేది బయాప్సీలోనే. ఎక్స్‌రేలో అన్నీ నల్లటి గుంతల్లాగే కనబడతాయి. అమెలోబ్లాస్టోమా అనే కణితి కూడా ఒక్కోసారి అచ్చం తిత్తిలాగే కనబడుతుంది, దానికి చేసే వైద్యం వేరు. అందుకే తీసిన ముక్కను పరీక్షకి పంపకుండా ఉండనివ్వొద్దు. చిన్న ఊళ్లలో సీసా మన చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంటారు. ఆ సీసాలో ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రావణం) ఉండాలి. అది ఒలికిపోతే నీళ్లో స్పిరిటో పోయకండి, వెనక్కి తీసుకెళ్లి ఫార్మలినే పోయించండి. సీసా మీద పేరు, తేదీ, ఏ వైపు దవడ అన్నది రాసి ఉందో లేదో చూడండి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది రాడిక్యులర్ సిస్ట్. చచ్చిపోయిన పన్ను వేరు కొస దగ్గర పుడుతుంది. ఉలవపాడులో మా మేనత్తకి వచ్చింది ఇదే. చిన్నప్పుడు మామిడితోటలో చెట్టు మీంచి పడి ఆమె ముందు పన్ను దెబ్బతింది. నొప్పి తగ్గిపోయింది గానీ పన్ను మాత్రం నల్లబడిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత అంగిట్లో ఉబ్బు తేలింది. పన్నుకి రూట్ కెనాల్ చేసి, వేరు కొసనున్న తిత్తిని తీసేశారు. ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి ఎక్స్‌రే చూసి ఎముక పూడిందని, ఇక రానక్కర్లేదని చెప్పారు. కారణమైన పన్నుకి వైద్యం జరిగి, తిత్తి మొత్తం వచ్చేస్తే ఈ రకం తిరిగి రావడం అరుదు. పన్ను పీకేసి తిత్తిని లోపలే వదిలేస్తే మాత్రం అది అక్కడే పెరుగుతూ ఉంటుంది. దాన్ని రెసిడ్యువల్ సిస్ట్ అంటారు. పన్ను తీసేశాం కదా, ఇంకేముందిలే అనుకోకూడదు.

డెంటిజెరస్ సిస్ట్ అనేది బయటికి రాని పన్ను తల చుట్టూ ఏర్పడుతుంది. కింది జ్ఞానదంతాలకి, పై కోరపళ్లకి ఎక్కువ. పన్నుతో పాటు పూర్తిగా తీసేస్తే ఇది కూడా మళ్లీ రావడం తక్కువే.

నాకు వచ్చింది కెరటోసిస్ట్. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది దీనికే. దీని గోడ పొర చాలా పలచన, ఆరు నుంచి ఎనిమిది కణాల మందమే. లోపల నీళ్లకి బదులు తెల్లగా, చిక్కగా పాలవిరుగుడు లాంటి పదార్థం ఉంటుంది. పొర పలచన కాబట్టి ఒలిచేటప్పుడు చిరుగుతుంది. పళ్ల వేళ్ల సందుల్లో, నరం పక్కన చిన్న పేలిక మిగిలినా చాలు, మళ్లీ పెరుగుతుంది. పైగా ఒక్కోసారి అసలు తిత్తి గోడలోనే కంటికి ఆనని పిల్ల తిత్తులు ఉంటాయి. ఒలిచి తీయడం ఒక్కటే చేసినవాళ్లలో అటూ ఇటూగా పావు వంతు మందికి తిరిగి వచ్చినట్టు లెక్కలున్నాయి. తిరిగి వచ్చేవి ఎక్కువగా మొదటి అయిదేళ్లలోనే వస్తాయి. పదేళ్లు దాటాక వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

పేరు విషయంలో మా ఇంట్లో జరిగిన గందరగోళం చెప్పాలి, ఎందుకంటే పాత రిపోర్టులున్న చాలామందికి ఇది పనికొస్తుంది. 2013లో నా రిపోర్ట్‌లో "కెరటోసిస్టిక్ ఓడాంటోజెనిక్ ట్యూమర్" అని ఉంది. ట్యూమర్ అన్న మాట చూసి మా ఇంటావిడ కూలబడిపోయింది. అమ్మ మాలకొండ స్వామికి మొక్కుకుంది. తిత్తి అన్నారు కదా, ట్యూమర్ అని ఎందుకు రాశారని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. అయిదేళ్ల తర్వాత రెండో రిపోర్ట్‌లో "ఓడాంటోజెనిక్ కెరటోసిస్ట్" అని వచ్చింది. ఇదేదో వేరే జబ్బు అనుకున్నాను. అప్పుడు డాక్టరు విడమరిచి చెప్పింది. రెండూ ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని కణితుల జాబితాలో చేర్చి పేరు మార్చింది. మళ్లీ 2017లో తిత్తుల జాబితాలోకే తెచ్చి పాత పేరు పెట్టింది. క్యాన్సర్ అని ఎప్పుడూ అనలేదు. మీ బీరువాలో 2005కీ 2017కీ మధ్య రిపోర్ట్ ఉండి అందులో కెరటోసిస్టిక్ ఓడాంటోజెనిక్ ట్యూమర్ అని ఉంటే టెన్షన్ పడకండి. అలాగని అటక మీదా పడేయకండి. ఆ పేరుంటే మీరు ఏళ్ల తరబడి ఎక్స్‌రే తీయించుకోవాల్సిన మనిషి అని అర్థం.

ఒకటికి మించి తిత్తులు వచ్చినా, చిన్న వయసులోనే వచ్చినా, ఇంట్లో తల్లికో తండ్రికో కూడా ఉన్నా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. గోర్లిన్ సిండ్రోమ్ అని వంశపారంపర్యంగా వచ్చేది ఒకటుంది. అందులో కెరటోసిస్టులు పలుచోట్ల వస్తాయి, అరచేతుల్లో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. అది ఉన్నవాళ్ల పిల్లల్ని కూడా చూపించాలి.

ఆపరేషన్‌కి ముందు అడగాల్సింది

ఎలా తీస్తారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను మొదటిసారి అడగలేదు. ఒలిచి తీసి కుట్లు వేయడం ఒక పద్ధతి. ఒలిచాక చుట్టూ ఎముకను డ్రిల్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు చెక్కడం, కార్నాయ్ ద్రావణం అనే మందును గుంతలో కొన్ని నిమిషాలు ఉంచి మిగిలిన కణాలను చంపడం దానికి అదనం. ఆ మందులో హానికరమని భావించే క్లోరోఫారం ఉంటుంది కాబట్టి ఇప్పుడు అది లేకుండా కలిపినది వాడేవాళ్లూ ఉన్నారు. తిత్తి మరీ పెద్దదైతే ముందు కిటికీలాగా కోసి చిన్న గొట్టం పెట్టి, నెలల తరబడి రోజూ సెలైన్‌తో కడుక్కోమంటారు. తిత్తి కుంచించుకుపోయాక అప్పుడు తీస్తారు. పదే పదే వచ్చినప్పుడు దవడ ముక్కనే తీసేయాల్సి రావచ్చు. తిరిగి వచ్చే అవకాశం దాంతో బాగా తగ్గుతుంది గానీ మనిషి తినడం, మాట్లాడటం, ముఖం తీరు అన్నీ దెబ్బతింటాయి. నాకు రెండోసారి ఎముక చెక్కి మందు పెట్టారు. డబ్బు సంగతికొస్తే, ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం సహాయకులు ఉంటే మీ ఆపరేషన్ ఆ పథకం కిందికి వస్తుందో లేదో ముందే కనుక్కోండి. చేరాక అడిగితే చిక్కు.

మొదటి నెల

మొదటి ఇరవై నాలుగు గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. బుగ్గ మీద ఐసు పెట్టి తీస్తూ ఉండాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని నెమ్మదిగా తల అటూ ఇటూ వంచి వదిలేయాలి, గట్టిగా పుక్కిలించొద్దు. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చొద్దు, ఆ లాగుడుకి లోపలి రక్తపు గడ్డ ఊడొస్తుంది. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ దగ్గరికి రానివ్వద్దు. మాది పొగాకు ఊరు, చెప్పడం తేలిక, మానడం కష్టమని తెలుసు. కానీ కుట్లు విడిపోయి గుంత కుళ్లినవాళ్లను కళ్లారా చూశాను.

తిండి విషయంలో నాకు కుదిరినవి రాగిజావ, పెసరకట్టు, చారుతో మెత్తగా కలిపిన అన్నం, బాగా మాగిన ఉలవపాడు సపోటా. చేపల పులుసు మీద ప్రాణం లాగితే మూడో వారంలో మా ఇంటావిడ ముళ్లు ఏరి ఒక్కో ముక్కా విడదీసి పెట్టింది. చెక్కలు, మురుకులు, చెరకు ముక్కలు మాత్రం డాక్టరు సరేననేదాకా ముట్టకండి. పెద్ద తిత్తి తీశాక దవడ ఎముక పైపెంకులా మిగులుతుంది. గట్టిది కొరికినప్పుడో, మోచెయ్యి తగిలినప్పుడో అది విరగొచ్చు. టక్కుమని శబ్దం వచ్చి, పళ్లు ఎప్పటిలా కలవకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్ని వారాలు మెత్తటి తిండి తినాలన్నది మీ ఎముక ఎంత మిగిలిందో చూసిన డాక్టరే చెప్పగలడు. నాకు ఆరు వారాలు చెప్పారు.

పై దవడలో తీసినవాళ్లకి ముక్కు పక్కనున్న సైనస్ అనే గాలి గది గోడ తగిలి ఉండొచ్చు. వాళ్లు రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.

కింది దవడలో తీస్తే పెదవి, గడ్డం మొద్దుబారడం మామూలే. నరం ఆ ఎముకలోనే పోతుంది. నాకు రెండోసారి తర్వాత నాలుగు నెలలు పెదవి మీద అన్నం మెతుకు ఉన్నా తెలిసేది కాదు. నెలకొకసారి దూదితో తాకి, స్పర్శ తెలియని చోటు అంచును అద్దంలో చూసి పెన్సిల్‌తో కాగితం మీద గీసుకునేవాణ్ణి. అది చిన్నదవుతూ వచ్చి ఇప్పుడు రూపాయి బిళ్లంత మిగిలింది. అలా గీసుకోవడం వల్ల డాక్టరుకి చూపించడానికి పనికొచ్చింది, నాకు ధైర్యమూ వచ్చింది.

మూడు రోజుల తర్వాత వాపు తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కారినా ఫోన్ చేయండి. వాపు మెడ కిందికి దిగి మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అర్ధరాత్రయినా బయల్దేరండి.

ఎక్స్‌రేల ఆల్బం

అసలు చెప్పాలనుకున్నది ఇది. మొదటి ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకి, ఏడాదికి వెళ్లాను. ఎముక పూడుతోంది, బాగుంది అన్నారు. మళ్లీ ఎప్పుడు రావాలో డిశ్చార్జి కాగితంలో ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు. నొప్పి లేదు, వాపు లేదు, స్టూడియో పని ఎక్కువ. నాలుగేళ్లు గడిచిపోయాయి. 2018లో ఎడమవైపు పన్ను పుచ్చితే చూపించుకోవడానికి వెళ్లాను. పాత ఆపరేషన్ మాట విని డాక్టరమ్మ ఓపీజీ తీయించింది. కుడివైపు పాత మచ్చ పక్కనే చింతగింజంత నలుపు ఒకటి, దానికి వెనకగా ఇంకొకటి. ఏటా వెళ్లి ఉంటే ఇంకా చిన్నగా ఉన్నప్పుడే దొరికేది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషనూ చిన్నదే.

కెరటోసిస్ట్ అయితే మొదటి అయిదేళ్లు ఏడాదికొకసారి తప్పకుండా, ఆ తర్వాత రెండేళ్లకొకసారి చొప్పున చాలా కాలం చూపించుకోవాలని నాకు చెప్పారు. మీ గడువు మీ డాక్టరు చేతే తేదీతో సహా రాయించుకోండి. "మళ్లీ కనబడండి" అంటే సరిపోదు, నెల, సంవత్సరం కాగితం మీద ఉండాలి. ఓపీజీలో పడే రేడియేషన్ చాలా తక్కువ, ప్రకృతిలో కొద్దిరోజుల్లో మన ఒంటికి సోకేదానికి సమానం. ఏడాదికొకటి తీయించుకోవడానికి భయపడక్కర్లేదు. గర్భం ఉన్నా, అనుమానం ఉన్నా మాత్రం ముందే చెప్పాలి.

ఏటా తీసే ఎక్స్‌రే ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. పోయినేడాది దాని పక్కన పెట్టి చూస్తేనే మార్పు కనబడుతుంది. పెళ్లి ఆల్బంలో ఒకే మనిషిని రెండు ఫొటోల్లో పోల్చినట్టే. అందుకు కొన్ని పనులు చేయాలి.

వీలైనంతవరకు ఒకే సెంటర్లో, ఒకే మిషన్ మీద తీయించుకోండి. లెన్స్ మారితే ముఖం కొలత మారినట్టు, ఓపీజీ మిషన్ మారితే బొమ్మ పెద్దదిగానో చిన్నదిగానో పడుతుంది. అప్పుడు గుంత పెరిగిందా, బొమ్మే పెరిగిందా అన్నది తేలదు. తీసేటప్పుడు కమ్మలు, గొలుసు, కళ్లజోడు, కట్టుడు పళ్లు తీసేయాలి. ముందరి పళ్లతో ప్లాస్టిక్ ముక్కను సరిగ్గా గాడిలో కొరికి పట్టుకోవాలి. నాలుక అంగిటికి ఆనించి ఉంచాలి, లేకపోతే పై పళ్ల వేళ్ల మీద నల్లటి చార పడుతుంది. మిషన్ తల చుట్టూ తిరిగే పది పదిహేను సెకన్లు కదలకూడదు. రోజుకి వందమందికి "కదలొద్దు" అని చెప్పే నేను కూడా ఒకసారి మింగాను, మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఫిల్మ్‌తో పాటు ఫైల్ కూడా అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. పాతవి ఫిల్మ్ మాత్రమే ఉంటే కంప్యూటర్ తెర మీద తెల్లటి ఖాళీ పేజీ తెరిచి, వెలుతురు బాగా పెంచి, ఫిల్మ్‌ను దానికి ఆనించండి. గదిలో లైట్లు, ఫ్లాష్ ఆపేసి, ఫోన్ ఎదురుగా తిన్నగా పట్టుకుని తీయండి. ఎడమ, కుడి తెలిపే గుర్తు ఫొటోలో పడాలి. ఫిల్మ్ తిరగేసి తీసి, లేని వైపు వెతికినవాళ్లున్నారు. ఫిల్ములను మడవకండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. వేడికి కొన్ని రకాలు నల్లబడి పాడవుతాయి.

నా దగ్గర ఒకే కవరు ఉంది. అందులో తేదీల వరసలో ఎక్స్‌రేలు, రెండు బయాప్సీ రిపోర్టులు, రెండు ఆపరేషన్ నోట్సులు ఉంటాయి. ఆపరేషన్ నోట్స్ చాలామంది అడగరు. ఎలా తీశారు, మందు పెట్టారా, పొర చిరిగిందా, పక్క పళ్లు తీశారా అన్నవి అందులో ఉంటాయి. ఊరు మారినా, డాక్టరు మారినా కొత్తవాళ్లకి ముందు కావాల్సింది అదే. 2022లో మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకి మారింది. నేనూ ఒంగోలు మానేసి నెల్లూరు వెళ్లడం మొదలుపెట్టాను. ఆ కవరు ఉంది కాబట్టి కొత్త డాక్టరు దగ్గర అయిదు నిమిషాల్లో నా కథంతా అయిపోయింది.

గడువు దాకా ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

తీసిన చోట మళ్లీ ఉప్పగా, చేదుగా ఏదైనా ఊరడం. బాగున్న పన్ను కదలడం, పక్కకి ఒరగడం, రెండు పళ్ల మధ్య కొత్తగా సందు పడటం. కట్టుడు పళ్లు ఉన్నట్టుండి సరిపోకపోవడం. ఎముక మీద వేలితో నొక్కితే గుడ్డు పెంకులా కిరకిరమనడం. పెదవికి కొత్తగా తిమ్మిరి రావడం, ఇది మరీ ముఖ్యం. ఏవీ లేవని మాత్రం గడువు తప్పించకండి. నా రెండో తిత్తికి ఇందులో ఒక్క లక్షణం కూడా లేదు.

2018 నుంచి ఏ గడువూ తప్పలేదు. కోవిడ్ ఏడాది కూడా రెండు నెలలు ఆలస్యంగా వెళ్లి తీయించుకున్నాను. 2023తో అయిదేళ్లు నిండాయి, ఇక రెండేళ్లకొకసారి చాలన్నారు. 2025 సెప్టెంబరులో పినాకిని రైల్లో నెల్లూరు వెళ్లి తీయించుకున్న ఓపీజీని ఆ రాత్రి స్టూడియో తెర మీద 2018 దాని పక్కన పెట్టి చూశాను. చింతగింజంత నలుపు ఉన్నచోట ఇప్పుడు సన్నటి తెల్లగీతలు అల్లుకున్నాయి, చుట్టూ ఉన్న ఎముకకీ దానికీ తేడా కష్టపడితేనే తెలుస్తుంది. తర్వాతి గడువు 2027 సెప్టెంబరు, కౌంటర్ గోడ మీద రాసి ఉంచాను. మా వైపు ఎవరి దగ్గరైనా పాత దవడ ఎక్స్‌రేలు పాడవుతుంటే తీసుకురండి, ఫొటో తీసి ఫైల్ చేసి ఇస్తాను. దానికి డబ్బులు తీసుకోను.